బజారు వీధికి సీసీ రోడ్డా, సైడు డ్రైనా?

ఉత్తరం: అన్నా, నేను మారతహళ్ళిలో ఉంటా, సాఫ్ట్‌వేర్. మాది చిత్తూరు వైపు చిన్న మున్సిపాలిటీ, మా వదిన అక్కడ వార్డు కౌన్సిలర్. బజారు వీధి 900 మీటర్లు ఉంటుంది, అరగంట గట్టి వాన పడితే చాలు అంగళ్ళలోకి నీళ్ళొచ్చేస్తాయి. ఈసారి కొంచెం నిధులొచ్చాయి. కౌన్సిల్లో ఎక్కువమంది పాత రోడ్డు మీదే 20 సెం.మీ. సీసీ (సిమెంటు కాంక్రీటు) వేసి మధ్యలో డివైడరు, లైట్లు పెడదాం అంటున్నారు, బెంగళూరులో వైట్ టాపింగ్ వేసినట్టు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారేమో రెండు వైపులా 60కి 60 సెం.మీ. డ్రైను కడదాం, రోడ్డు తర్వాత చూద్దాం అంటున్నాడు. రెండిటికీ డబ్బు చాలదు. వదిన నన్ను అడుగుతోంది, నాకేమో కోడింగ్ తప్ప ఏం తెలీదు. ఇక్కణ్ణుంచి ఎవరైనా కన్సల్టెంటుని పంపించాలా అది కూడా చెప్పన్నా.

సమాధానం: తమ్ముడూ, ఊరి పేరు నేను తీసేశా, మీ వదినగారికి కౌన్సిల్లో తలనొప్పి ఎందుకని. నీ ప్రశ్నకి సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, ఏఈ గారి మాటే కరెక్టు, కానీ ఆయన చెప్పింది కూడా పూర్తిగా కాదు. 60కి 60 అనేది లెక్కేసి చెప్పిన సైజా, లేకపోతే ఎస్టిమేట్లో ఎప్పుడూ ఉండే సైజే ఇక్కడ కూడా పెట్టేశారా అన్నది ముందు అడగాలి. మన ఊళ్ళలో చాలా డ్రైన్లు రెండో రకమే, పక్క ఊరి ఎస్టిమేటు తెచ్చి పేరు మార్చి పొడవు మార్చి పంపించేస్తారు.

ముందు ఆ సీసీ ప్రపోజల్ సంగతి తేల్చేద్దాం. వైట్ టాపింగ్ అంటే పాత తారు రోడ్డు మీద సిమెంటు కాంక్రీటు పరవడం, మందం మామూలుగా 100 నుంచి 200 మి.మీ. దాకా ఉంటుంది. బెంగళూరులో అది వేసేది పగలూ రాత్రీ బస్సులు లారీలు నలిపేసే రోడ్లకి, ప్రతి వానాకాలం గుంతలు పూడ్చే బాధ తప్పుతుందని. మీ బజార్లో సమస్య గుంతలు కాదు కదా, నీళ్ళు. నీళ్ళు నిలిచే వీధిని 20 సెం.మీ. పైకి లేపితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి, అంగళ్ళలోకే పోతాయి. ఇప్పుడు గడప దాటడానికి అరగంట పడుతోంది, రేపు పది నిమిషాలు చాలు. వీధి వాలు ఒక పక్కకే ఉంటే డివైడరు ఇంకో గోడ అయి కూర్చుంటుంది, పై పక్క నీళ్ళు దాటలేక అక్కడే మడుగు కడతాయి. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేసుకుంటూ పోయి ఇళ్ళన్నీ గుంటలో పడిపోయిన వీధులు మన దగ్గరా ఉన్నాయి, చెన్నైలో ఐతే చెప్పనే అక్కర్లేదు, అందుకే 2021లో తమిళనాడు ప్రభుత్వం పాత పొర గీకి తీసేసిన తర్వాతే కొత్త పొర వెయ్యాలని గట్టిగా ఆదేశాలిచ్చింది. మీ కౌన్సిల్లో ఎవరైనా 20 సెం.మీ. అన్నప్పుడల్లా వదినగారిని ఒక్క మాట అడగమను: గీకి వేస్తారా, పైన వేస్తారా? జవాబు మినిట్స్‌లో రాయించమను.

ఇప్పుడు డ్రైను. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, నువ్వు కోడింగ్ మనిషివి కాబట్టి విసుక్కోకుండా చదువుతావని రాస్తున్నా. ఒక హెక్టారు నేల, అంటే రెండున్నర ఎకరాలు, అంతా ఇళ్ళు అంగళ్ళు కాంక్రీటు అనుకో, గంటకి 50 మి.మీ. లెక్కన వాన పడితే అందులో ఒక ఎనభై శాతం ఇంకకుండా పారుతుంది. అంటే గంటకి 400 ఘనపు మీటర్లు, మన మారతహళ్ళి అపార్ట్‌మెంట్లకి వచ్చే 12,000 లీటర్ల ట్యాంకర్లు ముప్పై మూడు. సెకనుకి చూస్తే 110 లీటర్లు. ఇది ఒక్క హెక్టారుకే.

మీ బజారు వీధి వెడల్పు 12 మీటర్లు అనుకుంటే రోడ్డు వరకే చూస్తే అది హెక్టారు దాటి కొంచెమే. కానీ నీళ్ళకి వార్డు హద్దులు తెలీవు కదా, పైనున్న వీధులన్నీ బజార్లోకే దిగుతుంటాయి, గుడి వీధి, బస్టాండు వెనక సందులు, స్కూలు గ్రౌండు, అన్నీ కలిపి ఒక పది హెక్టార్లు వస్తుందనుకుందాం. అప్పుడు సెకనుకి 1,100 లీటర్లు. ఇప్పుడు ఏఈ గారి 60కి 60 డ్రైను తీసుకో, 500 మీటర్లకి ఒక మీటరు వాలుతో, లోపల నున్నగా కట్టారనుకుంటే, నిండుగా పారినా అది మోసేది సెకనుకి 360 లీటర్లు. రెండు వైపులా కలిపితే 720. చాలదు. లోతు 60 బదులు 90 చేస్తే ఒక్కోటి దాదాపు 600, రెండూ కలిపి 1,200, అంచు దాకా నిండుతుంది గానీ సరిపోతుంది. అదే 60 లోతు డ్రైన్లో సగం మట్టి, ప్లాస్టిక్ కవర్లు నిండితే 360లో సగం 180 అనుకుంటావు కదా, కాదు, 150కి పడిపోతుంది, ఎందుకంటే నీటి మందం తగ్గితే వేగం కూడా తగ్గుతుంది. అందుకే పూడిక తియ్యని కొత్త డ్రైను కంటే పూడిక తీసిన పాత డ్రైనే మేలు, ఇది ఏ శంకుస్థాపన బోర్డు మీదా రాయరనుకో.

సరే 90 లోతు పెట్టేద్దాం అంటావు. ఆగు. అసలు సంగతి ఇక్కడే ఉంది. 900 మీటర్ల వీధికి 500కి ఒకటి వాలు అంటే ఈ చివర నుంచి ఆ చివరకి డ్రైను అడుగు 1.8 మీటర్లు దిగాలి. వీధే అంత వాలుగా ఉంటే ఇబ్బంది లేదు, మొత్తం 90 లోతుతోనే పోతుంది. వీధి చదునుగా ఉంటే మాత్రం చివర్లో డ్రైను అడుగు నేల నుంచి 2.7 మీటర్ల కింద ఉంటుంది. అక్కడ డ్రైను కలవాల్సిన వంక (వాగు) అడుగు నేలకి మీటరున్నర కిందే ఉందనుకో, నీ డ్రైను వంక కంటే కింద ఉంది, నీళ్ళు పైకెక్కవు కదా. అప్పుడేం చేస్తారంటే సైటులో మేస్త్రీ వాలు తగ్గించేస్తాడు, ఎవరికీ చెప్పడు, ఎం.బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, మొదటి వానకి డ్రైన్లో నీళ్ళు కదలకుండా నిలబడి దోమలు పెంచుకుంటూ ఉంటాయి. మన ఊళ్ళలో "కొత్త డ్రైను కట్టినా నీళ్ళు పోవట్లేదు" అనే కంప్లైంట్‌కి చాలాసార్లు కారణం ఇదే, సిమెంటు తక్కువెయ్యడం కాదు. కాబట్టి డ్రైను డిజైను బజార్లో మొదలుపెట్టకూడదు, నీళ్ళు పడే చోట మొదలుపెట్టి వెనక్కి రావాలి. వంక అడుగు ఎంత, ఆ వంక ఏ చెరువులో కలుస్తుంది, ఆ చెరువు నిండి మరవ (అలుగు) పారేటప్పుడు నీటిమట్టం ఎక్కడిదాకా వస్తుంది, మధ్యలో ఆర్ అండ్ బీ (రోడ్ల శాఖ) వాళ్ళ కల్వర్టు ఉంటే దానికెన్ని ఖానాలు (నీళ్ళు పోయే కళ్ళు), ఎన్ని పూడిపోయాయి, ఇవి తెలియకుండా వేసే ఏ గీతైనా గాల్లో గీతే.

దీనికి పెద్ద ఉదాహరణ నువ్వు ఉండే చోటే ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున గట్టు మీద ఉన్న ఊరు, వాన నీళ్ళు వృషభావతి, కోరమంగల–చల్లఘట్ట, హెబ్బాళ అని మూడు లోయల్లోకి దిగిపోతాయి, పక్కన పెద్ద నదీ లేదు సముద్రమూ లేదు, ఇలాంటి ఊరు మునగడానికి నిజానికి కారణమే ఉండకూడదు. పాతవాళ్ళు ఒక చెరువు నిండితే మరవ పారి రాజకాలువలో (వాననీటి పెద్ద కాలువలో) పడి కింది చెరువుకి చేరేట్టు గొలుసు కట్టారు, బెళ్ళందూరు నుంచి వర్తూరు, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని. మనం వచ్చి ధర్మాంబుధి చెరువులో మెజెస్టిక్ బస్టాండు పెట్టాం, సంపంగి చెరువులో స్టేడియం కట్టాం, శ్రీనివాగిలు చెరువు లోపలే లేఅవుటు వేసి సైట్లు అమ్మాం, రాజకాలువల మీద కాంపౌండ్ గోడలు లేపాం. 2022 సెప్టెంబరు 4 రాత్రి 130 మి.మీ. పైన వాన పడితే ఔటర్ రింగ్ రోడ్డు ఏమైందో, యెమలూరు విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్లలో ఎలా తెచ్చారో నువ్వు చూసే ఉంటావు. అక్కడ సీసీ రోడ్లు తక్కువై కాదు మునిగింది. మీ ఊళ్ళో ఇంకా వంక బతికే ఉంది, చెరువూ ఉంది, బెంగళూరు కోట్లు పోసి తిరిగి తెచ్చుకోవాలని చూస్తున్నది మీ దగ్గర ఊరికే ఉంది. వంక ఒడ్డున సర్వే నంబర్లు పట్టించి హద్దు రాళ్ళు పాతించే పని వదినగారు ఈ టర్మ్‌లో ఒక్కటి చేయించినా నేను సెల్యూట్ కొడతా. (ఆక్రమణలు తీయించేటప్పుడు మొదట తీసేది సొంత పార్టీ వాళ్ళ అరుగు ఐతే మిగతావాళ్ళు నోరెత్తరు, ఇది ఇంజనీరింగ్ కాదు గానీ పనిచేస్తుంది.)

ఇప్పుడు మొట్టమొదట చెయ్యాల్సింది లెవెల్స్, అంటే ఎక్కడ నేల ఎంత ఎత్తులో ఉందో, తీయించడం. ఒక ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే దుర్బిణి), ఒక స్టాఫ్ (కొలత గుర్తులున్న కర్ర), ఇద్దరు మనుషులు, అంతే. బజారు ఈ చివర నుంచి వంక దాకా, వంక వెంబడి చెరువు మరవ దాకా, ప్రతి 20 మీటర్లకి రోడ్డు మధ్యలో, రెండు అంచుల్లో, అన్నిటికంటే ముఖ్యం, రెండు వైపులా ప్రతి అంగడి గడప మీదా స్టాఫ్ పెట్టి రీడింగ్ రాయాలి. ఈ గడప లెవెల్ ఒక్కటి షీటులో ఉంటే చాలు, రోడ్డు ఎంత పైకి రావచ్చు, ఎవరి షాపు మునుగుతుంది అన్నది కౌన్సిల్లో ఎవరి గొంతు పెద్దదో దాన్నిబట్టి కాకుండా కాగితం చూసి తేలిపోతుంది. మొదలెట్టడానికి తెలిసిన ఎత్తు ఏదైనా కావాలంటే దగ్గర్లో రైల్వే స్టేషన్ ఉంటే పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసే ఉంటుంది, ఆ చుట్టుపక్కల ఎత్తు గుర్తించి పెట్టిన బెంచ్‌మార్క్ దొరుకుతుంది. లేకపోయినా పర్లేదు, ఆఫీసు మెట్టుకి 100.00 అని పెట్టుకుని అన్నీ దాని లెక్కలో తీసుకోవచ్చు, డ్రైనుకి కావాల్సింది తేడాలే.

దీనికి ఖర్చు గురించి భయపడొద్దు, రోడ్డు ఎస్టిమేటు పక్కన పెడితే ఇది చిల్లరే. ఇంకా చెప్పాలంటే పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల్లో సివిల్ పిల్లలకి సర్వే క్యాంపు అని ఉంటుంది, ఎక్కడో ఒక కొండ దగ్గర ఖాళీ స్థలంలో చేసే ఆ క్యాంపుని మీ బజార్లో చెయ్యమని కమిషనర్ గారు ప్రిన్సిపాల్‌కి ఒక లెటర్ రాస్తే పిల్లలకీ పని, మీకూ పని. వాళ్ళ రీడింగులు ఏఈ గారు పది చోట్ల చెక్ చేసుకోవాలి, అంతే.

లెవెల్స్‌తో పాటు ఇంకోటి చేయించండి, నేల కింద ఏముందో చూడటం. నాలుగైదు చోట్ల రోడ్డుకి అడ్డంగా చిన్న గుంటలు తవ్వి నీటి పైపు ఏ లోతులో ఉంది, ఇనుమా, ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపా, పీవీసీనా, కేబుళ్ళు ఎటు పోతున్నాయి రాసుకోవాలి. రిటైరైన ఫిట్టర్ ఎవరో ఒకరు మీ ఊళ్ళో ఉండే ఉంటాడు, ఏ వాల్వు ఏ మట్టి కింద పూడిపోయిందో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు, ఆయన్ని ఒక పూట వీధంతా నడిపించి ప్రతి చోటా పెయింటు గుర్తు పెట్టించండి. ఎందుకంటే మన పాత బజార్లు చాలావాటిలో తాగునీటి పైపు డ్రైన్లోంచి దూరి పోతుంటుంది. రోజుకి గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే ఊళ్ళో మిగతా టైమంతా పైపు ఖాళీ, లోపల ప్రెషర్ పోయినప్పుడు జాయింటు దగ్గర చిన్న చిల్లు ఉన్నా డ్రైను నీళ్ళు లోపలికి లాగేస్తుంది, మర్నాడు పొద్దున్న మొదటి బిందెలో వచ్చేది అదే. తాగునీటి పైపుకీ మురుగు లైనుకీ మధ్య పక్కకి 3 మీటర్లు దూరం ఉండాలి, అంత చోటు లేకపోతే నీటి పైపు అడుగు మురుగు పైపు పైభాగం కంటే కనీసం అర మీటరు పైన ఉండాలని కేంద్రం వాళ్ళ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ చెబుతుంది. డ్రైను కడుతున్నప్పుడే ఈ పైపుల్ని బయటికి మార్చకపోతే తర్వాత ఎవరూ మార్చరు.

అలాగే ఎప్పుడో ఒకప్పుడు సీసీ వేస్తారు కదా, వేసే ముందే రోడ్డుకి అడ్డంగా 50 మీటర్లకో 100 మీటర్లకో ఒకచోట ఖాళీ పైపులు రెండు మూడు పాతి పెట్టండి, మూతలు వేసి. తర్వాత ఫైబర్ వాడొచ్చినా కరెంటు వాడొచ్చినా వాటిలోంచి దూర్చుకుంటాడు, రోడ్డు కొయ్యడు. ఇక్కడ రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు వైపు టెండర్ ష్యూర్ అని చేసిన రోడ్లు చూశావు కదా, వాటిలో అసలు విషయం గ్రానైటు ఫుట్‌పాత్ కాదు, పైపులు కేబుళ్ళు అన్నీ ఫుట్‌పాత్ కిందికి తెచ్చి ఛాంబర్లు పెట్టడం. మీరు గ్రానైటు వదిలేసి ఆ ఆలోచన ఒక్కటి తీసుకోండి.

డ్రైను మీద మూత గురించి ఒక మాట. మొత్తం ఒకే స్లాబు పోసేసి పైన ఫుట్‌పాత్ అనేస్తారు, చూడ్డానికి బాగుంటుంది, తర్వాత లోపలికి చెయ్యి కూడా పోదు. విడి విడి ప్రీకాస్ట్ పలకలు పెట్టించండి, ఎత్తడానికి రెండు కొక్కేలతో. 90 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 10 మందం పలక 110 కిలోలుంటుంది, నలుగురు ఎత్తగలరు, ఇంకా పెద్దదైతే జేసీబీ కావాలి, జేసీబీ కావాలంటే టెండరు కావాలి, ఇక పూడిక తీసినట్టే. రోడ్డు మీద నీళ్ళు డ్రైన్లోకి దిగే కంతలు 20, 30 మీటర్లకొకటి ఉండాలి. డ్రైను కట్టి కంతలు మర్చిపోయిన వీధి ఎక్కడైనా కనపడితే ఆశ్చర్యపోకు.

ఇంకో విషయం నువ్వు రాయలేదు గానీ నేను అడుగుతా, ఎండాకాలంలో కూడా మీ బజారు కాలువలో నల్లటి నీళ్ళు పారుతున్నాయా? ఐతే సెప్టిక్ ట్యాంకుల గొట్టాలు అందులోకే పెట్టుంటారు. అప్పుడు వాన నీళ్ళ డ్రైను కాదు మీరు కట్టేది, మూతేసిన మురుగ్గుంట. దీనికి వెంటనే యూజీడీ అని పరిగెత్తొద్దు, భూగర్భ డ్రైనేజీకి మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు ఇవ్వగలగాలి, లేకపోతే పైపుల్లో మలం కదలదు, దాన్ని నడపడం చిన్న మున్సిపాలిటీకి తలకు మించిన ఖర్చు. వదినగారు ఈసారి బెంగళూరు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు దగ్గర దేవనహళ్ళికి తీసుకుపో. ముప్పై వేల లోపు జనాభా ఉన్నప్పుడే ఆ ఊరివాళ్ళు 2015లో సెప్టిక్ ట్యాంకుల బురద శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకున్నారు, రోజుకి 6,000 లీటర్లు, దేశంలో ఊరి స్థాయిలో మొదటివాటిలో అదొకటి. ట్యాంకరు ఇంటింటికీ వెళ్ళి లాగి అక్కడ దించుతుంది. మీ ఊరికి సరిపోయే సైజు అది.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి మీలాంటి ఊళ్ళకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుధ్యం లాంటి వాటికే కట్టేసి ఇచ్చింది. అంటే అన్ని నిధులూ డివైడరు లైట్లకి పోవు. వచ్చిన నిధి ఏ హెడ్డులో వచ్చింది, దాంతో ఏం చెయ్యొచ్చు అని కమిషనర్‌ని రాతపూర్వకంగా అడిగించు, సీసీ లైట్లు అనేవాళ్ళలో సగంమంది అక్కడే చల్లబడతారు. మొత్తానికి సరిపోకపోతే వంక వైపు చివర 300 మీటర్లు ముందు కట్టి, తర్వాత ఏడాది పైకి రండి. పై నుంచి మొదలుపెట్టి సగంలో ఆపితే మధ్యలో ఉన్నవాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు మళ్ళించినట్టు. ఇది మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు, చైర్‌పర్సన్ ఇల్లు పైన ఉన్నా సరే.

ఇక కన్సల్టెంటు. ఎస్టిమేటులో ఇంత శాతం ఫీజు అనే వాడిని పెట్టుకోవద్దు, పని ఎంత పెద్దదైతే వాడికి అంత లాభం, 60 లోతు చాలే చోట కూడా ఆర్‌సీసీ బాక్సు కాలువ గీసిస్తాడు. సర్వేకి విడిగా, డిజైనుకి విడిగా ఇంత మొత్తం అని మాట్లాడుకోవాలి. లెవెల్ షీటు, లెక్కల కాగితాలు, డ్రాయింగుల సాఫ్ట్ కాపీ మున్సిపాలిటీకి ఇచ్చాకే ఆఖరి బిల్లు. చాలా ఊళ్ళలో డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) పుస్తకం బైండింగ్ బాగుంటుంది గానీ లోపల ఒక్క లెవెల్ ఉండదు, డ్రైను సైజు ఎలా వచ్చిందో ఒక్క లైనుండదు. డిజైను అయ్యాక పబ్లిక్ హెల్త్ అండ్ మున్సిపల్ ఇంజనీరింగ్ శాఖ వాళ్ళ దగ్గర చూపించుకోవచ్చు, అది మీ హక్కే. నిజం చెప్పాలంటే 900 మీటర్ల వీధికి, ఒక వంకకి బెంగళూరు నుంచి మనిషి అక్కర్లేదు, లెవెల్స్ చేతిలో ఉంటే మీ ఏఈ గారే చెయ్యగలడు, ఆయన డ్రైను ముందు అన్నాడంటేనే నాకు నమ్మకం కలిగింది. కౌన్సిల్లో ఆయన ఒంటరి కాకుండా వదినగారిని చూసుకోమను.

లెవెల్స్ షీటు వచ్చాక నాకు పంపించు, ఎక్సెల్ ఐనా సరే, పుస్తకం పేజీ ఫోటో ఐనా సరే. గడపల కాలమ్ లేకుండా మాత్రం పంపించొద్దు.